గేర్‌బాక్స్ ఆయిల్ సడన్‌గా కారుతాంది, దించాల్సిందేనా? ముందు ఏ ఆయిలో, యాడ నుంచో చూడు తమ్ముడూ

తమ్ముడు అడిగింది ఇది. 2008 మోడల్ వ్యాగన్ ఆర్, మొన్నటి దాకా కింద ఒక్క చుక్క పడలేదు. కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటికి పోయొచ్చినాడు, తెల్లారి చూస్తే ఇంటి ముందర బండ మీద అరచెయ్యంత మరక. దగ్గర్లో ఉన్న మెకానిక్ వంగి చూసి "గేర్‌బాక్స్ లీకు, దించాల్సిందే" అన్నాడంట, అంటే గేర్‌బాక్స్‌ని ఇంజిన్ నుంచి విడదీసి కిందికి తియ్యాలని. దించాల్నా, అంతవరకు బండి నడపొచ్చా అని అడుగుతాండాడు. రెండు నెలల కింద డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే రాడ్డు) మీది రబ్బరు బూటు చినిగితే మార్పించినా అని చివర్లో ఒక ముక్క రాసినాడు, నాకైతే మొత్తం ప్రశ్నలో అసలు ముక్క అదే.

సూటిగా చెప్తా. ఇప్పుడే దించొద్దు. నువ్వు చెప్పిందాన్ని బట్టి నా మొదటి అనుమానం షాఫ్ట్ దగ్గర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, అదే సైడ్ ఆయిల్ సీలు మీద, రెండోది కింద ఆయిల్ వదిలే డ్రెయిన్ ప్లగ్ మీద, మూడోది అసలు అది గేర్‌బాక్స్ ఆయిలే కాదేమో అని. ఈ మూడింట్లో దేనికైనా శానాసార్లు గేర్‌బాక్స్ దించే పని ఉండదు. మామూలుగా దించాల్సిన లీకు ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో క్లచ్ ఉండే గుల్ల, అదే బెల్ హౌసింగ్ లోపల ఉంటాది, అది ఎట్ల కనుక్కోవాలో కింద చెప్తా. బండి నడపడం సంగతి అంటావా, లోపల ఆయిల్ ఎంత మిగిలిందో చూసేదాకా స్టార్ట్ చేసి ఊరి మీద తిప్పొద్దు.

ఎందుకు అంత గట్టిగా చెప్తాండానంటే, ఈ సైజు బండ్ల గేర్‌బాక్స్‌లో మొత్తం పట్టేదే సుమారు రెండు, రెండున్నర లీటర్లు. ఇంజిన్‌కి ఉన్నట్టు దీనికి ఆయిల్ తగ్గితే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగదు, మామూలుగా డిప్‌స్టిక్కూ ఉండదు. అరలీటరు పోయినా నీకు తెలీదు, లీటరు పోయినా తెలీదు, తెలిసేది గుయ్ మని శబ్దం మొదలైనంకనే, అప్పటికి బేరింగులు తినేసి ఉంటాయి. ఇట్లాంటి చిన్న బండ్లలో శానావరకు ఐదో గేరు పక్క కవర్ కింద చివర్లో కూర్చుని ఉంటాది, ఆయిల్ తగ్గితే ముందు ఎండేది దానికే. హైవే మీద ఐదో గేర్లో మాత్రమే కొత్తగా శబ్దం వస్తాంటే ఆయిల్ తగ్గిందేమో అని ముందు అనుమానించాల.

లెవెల్ చూసేది కష్టమేం కాదు. బండి సమంగా ఉండే చోట నిలబెట్టాల, ఒక పక్క మాత్రమే జాకీ ఎత్తి చూస్తే లెవెల్ తప్పు చూపిస్తాది. గేర్‌బాక్స్ పక్కన సగం ఎత్తులో ఒక ప్లగ్ ఉంటాది, అదే లెవెల్ ప్లగ్, శానా బండ్లలో ఆయిల్ పోసేది కూడా దాంట్లోనే. అది ఇప్పితే ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాల, చిటికెన వేలు పెట్టి కిందికి వంచితే తగలాల. తగల్లేదంటే తక్కువ ఉన్నట్టు. ఇంగొకటి, ఎప్పుడైనా సరే ముందు పైన పోసే ప్లగ్ ఊడుతాదో లేదో చూసుకుని తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోవాల. కింద ఇప్పి ఆయిల్ అంతా వదిలేసినంక పైది తుప్పు పట్టి తిరగదని తెలిస్తే బండి అక్కడే కూర్చోవాల్సిందే. కింద దూరేటప్పుడు ఒట్టి జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టు, లేకుంటే గుంత ఉన్న షెడ్డుకి పో.

ఇప్పుడు అసలు పని, అది ఏ ఆయిలు.

మన కడపలో ఒక చిక్కు ఉండాది. ఇంటి ముందర పరిచేది నల్లబండ. దాని మీద ఇంజిన్ ఆయిల్ పడినా, గేర్ ఆయిల్ పడినా, ఆఖరికి ఏసీ నీళ్లు పడినా నల్లగానే కనపడుతాది, మెకానిక్ అయినా ఆ మరక చూసి ఏం చెప్తాడు? అందుకని రాత్రి బండి నిలబెట్టేటప్పుడు కింద ఒక అట్టపెట్టె విప్పి పరుచు, లోపలి వైపు తెల్లగా ఉండేది దొరికితే ఇంకా మేలు. ముందు టైర్లు రెండూ యాడ ఆనుకుంటాండాయో అట్ట మీద పెన్నుతో గీత పెట్టుకో. తెల్లారి చుక్క పడిన చోటు, రంగు, వాసన మూడూ దొరుకుతాయి.

గేర్ ఆయిల్ కొత్తదైతే లేత పసుపు, పాతదైతే గోధుమ రంగు, ఇంజిన్ ఆయిల్ కంటే చిక్కన. దాన్ని పట్టించేది వాసన. లోపల గంధకం కలిసిన మందు ఉంటాది కాబట్టి టపాకాయలు కాల్చినంక వీధిలో వచ్చే ఘాటు లాంటిది వస్తాది, ఒకసారి పీల్చినోడు మర్చిపోడు. ఇంజిన్ ఆయిల్ నల్లగా, మాడిన వాసన. బ్రేక్ ఆయిల్ నీళ్ల మాదిరి పల్చన, లేత రంగు, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతాది. కూలెంట్ రంగు నీళ్లే, రవ్వంత తియ్య వాసన. ఎర్రగా ఉంటే స్టీరింగ్ ఆయిలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలో, నీది మాన్యువల్ కాబట్టి రెండోది లెక్కలోకి రాదు. నల్లటి చిక్కటి జిడ్డు ముద్ద ముద్దగా చక్రం లోపలి పక్క చల్లినట్టుంటే అది ఆయిల్ లీకు కాదు, షాఫ్ట్ బూటు చినిగి గ్రీజు బయటకొస్తాంది.

ఒక్క జాగ్రత్త మాత్రం. మరక చక్రం దగ్గర పడి, టైరు లోపలి పక్క పల్చటి తడి కనపడితే ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడు. తగ్గింటే బండి కదపొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించు.

"గేర్‌బాక్స్ లీకు" అని వచ్చే బండ్లలో అసలు గేర్‌బాక్స్ లీకే లేనివి శానా ఉంటాయి. పులివెందుల నుంచి ఒక టీచరమ్మ పాత శాంట్రో కారు తెచ్చింది, రెండు షెడ్లలో దించాలని చెప్పినారంట, కంటనీళ్లు ఒక్కటే తక్కువ. చూస్తే గేర్‌బాక్స్ అంతా నూనెలో ముంచి తీసినట్టుండాది, నిజమే. వాసన చూస్తే ఇంజిన్ ఆయిల్. పైకి టార్చి వేసుకుంటా పోతే ఇంజిన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిబడి మూల నుంచి సన్నగా కారి, ఇంజిన్ వెనకాల గోడ మీదుగా జారి, బెల్ హౌసింగ్ మీద పడి, ఆఖరికి గేర్‌బాక్స్ కింది మూల నుంచి చుక్కలు పడతాండాది. ప్యాకింగ్ మార్చి కడిగి పంపినాం. ఆమె కట్టిన లెక్క వందల్లో అయింది, దించింటే వేలల్లో అయ్యేది, పైగా దించి ఎక్కించినా లీకు అట్లే ఉండేది.

ఆయిల్ కిందికి జారుతాది, బండి పోతాంటే గాలికి వెనక్కి పోతాది. అందుకే చుక్క పడే చోటు శానాసార్లు అబద్ధం చెప్తాది. తడి ఉన్న చోట్లలో అన్నింటికంటే పైన, అన్నింటికంటే ముందర ఉన్న చోటు ఏదో అదే లీకు. పాత బండి కింద ఏళ్ల తరబడి మట్టీ జిడ్డూ కలిసి పేరుకుని ఉంటాది, దాంట్లో ఏదీ తేలదు. ఇంజిన్ చల్లారినంక కిరోసినో డీజిలో బ్రష్షుతో రుద్ది కడగాల, పెట్రోలు వద్దే వద్దు. కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న చోట్ల ముఖానికేసే పౌడర్ రవ్వంత చల్లు. లెవెల్ సరిగ్గా ఉంటేనే ఒక పది నిమిషాలు వీధుల్లో తిప్పి వచ్చి టార్చి వేసి చూడు. తెల్ల పౌడర్ మీద ఆయిల్ దారి గీత గీసినట్టు కనపడుతాది. ఎవరైనా సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ నీళ్లతో కొట్టిస్తా అంటే గేర్‌బాక్స్ పైన గాలి పోయేదానికి ఉండే బ్రీదర్ మీద, రివర్స్ లైట్ స్విచ్ మీద నేరుగా కొట్టొద్దని చెప్పు.

ఇంకో కిటుకు, దీన్ని పెద్దగా ఎవురూ చెప్పరు. బండి నిలబెట్టి ఉంచితే రాత్రంతా కారుతాందా, లేక తిప్పి వచ్చినంక మాత్రమే తడుస్తాందా, ఇది గమనించు. నిలబెట్టినా కారుతాంటే ఆయిల్ నిలవుండే మట్టం కంటే కింద ఉన్న చోటు, అంటే డ్రెయిన్ ప్లగ్, షాఫ్ట్ సైడ్ సీళ్లు, కేసు కింది అతుకు. తిప్పితేనే తడుస్తాంటే మట్టం కంటే పైన ఉన్నవి, అంటే గేర్ మార్చే రాడ్డు సీలు, రివర్స్ స్విచ్, స్పీడోమీటర్ కేబులో సెన్సరో దూరే చోట ఉండే రబ్బరు ఓ-రింగు, బ్రీదర్. ఇదొక్కటి తెలుసుకున్నా సగం చోట్లు వెతికే పని తప్పుతాది. నీది తెల్లారేసరికి అరచెయ్యంత పడింది కాబట్టి నేను కింది వాటినే ముందు చూస్తా.

ఇంగ "సడన్‌గా" అన్నావు చూడు, దాని గురించి. రబ్బరు సీలు ఒక్క రాత్రిలో చెడిపోదు. ఏళ్ల తరబడి మన కడప ఎండలకి, ఇంజిన్ వేడికి గట్టిపడుతా వచ్చి, ఏదో ఒక రోజు చేతులెత్తేస్తాది. ఆ రోజు ఘాట్ ఎక్కిన రోజు అవడంలో వింతేం లేదు. గువ్వలచెరువు ఘాట్‌లో లారీల వెనకాల రెండో గేర్లో, మూడో గేర్లో పాక్కుంటా పోతావు, గేర్‌బాక్స్ ఆయిల్ బాగా కాగి పల్చబడుతాది, లోపల గాలి వ్యాకోచించి బయటికి పోవాలని చూస్తాది. మామూలు రోడ్డులో పట్టుకొని ఉన్న సీలు ఆడ వదిలేస్తాది. పైన పాలకోవా తినడానికి ఆగినప్పుడు కింద వంగి చూసింటే అప్పుడే కనపడేదేమో.

ఆ లోపలి గాలి పోయేదానికే బ్రీదర్ అని ఒకటి ఉంటాది, గేర్‌బాక్స్ నెత్తిన చిన్న టోపీ మాదిరో, కొన్నింట్లో చిన్న పైపు ముక్క మాదిరో. అది మట్టితో మూసుకుంటే గాలికి దారుండదు, అప్పుడు ఆయిల్‌ని సీలు సందుల్లో నుంచి తోస్తాది. జమ్మలమడుగు పక్క చేలకి రోజూ పోయే ఒక రైతు బండికి ఒకే పక్క సీలు మల్లా మల్లా మారుస్తాండారు, మార్చిన కొన్నాళ్లకే మల్లా కారుడు. సీలు కంపెనీ మంచిది కాదని ఒకరు, షాఫ్ట్ అరిగిందని ఒకరు. మా దగ్గరికి వచ్చినప్పుడు బ్యాటరీ ట్రే తీసి చూస్తే బ్రీదర్ మీద నల్లరేగడి ఎండి ఇటుక రాయి అయింది. సన్న తీగతో, గాలి కొట్టి శుభ్రం చేసి సీలు ఒక్కసారి మార్చినాం, ఆ లీకు మల్లా రాలేదు. కొత్త సీలు వేసినా కొన్నాళ్లకే మల్లా కారితే ముందు బ్రీదర్ చూడాల, తర్వాతే సీలుని తిట్టాల.

ఇంగ నీ రెండు నెలల కిందటి బూటు పని. ఇది రవ్వంత వివరంగా చెప్తా, ఎందుకంటే నా లెక్కలో దొంగ ఇక్కడే ఉండాడు.

బూటు మార్చాలంటే షాఫ్ట్ బయటికి లాగాల. షాఫ్ట్ లోపలి కొస గేర్‌బాక్స్‌లోకి దూరే చోటే సైడ్ సీలు ఉంటాది. లాగేటప్పుడు తిన్నగా రాకుండా రాడ్డు పెట్టి ఒక పక్కకి ఎత్తినా, తిరిగి తోసేటప్పుడు షాఫ్ట్ కొసన ఉండే పళ్లు సీలు పెదవిని, అంటే షాఫ్ట్‌ని ఆనుకునే లోపలి అంచుని గీకినా పని అయిపోయినట్టే. ఆ పెదవి ఎంతుంటాదనుకున్నావు, గోరు మందం కూడా ఉండదు. దాని వెనకాల సన్నటి స్ప్రింగు రింగు ఒకటి చుట్టుకుని ఉంటాది, పెదవిని షాఫ్ట్ మీద అదిమి పట్టేది అదే. గుద్ది ఎక్కించినప్పుడు ఆ స్ప్రింగు గాడిలో నుంచి జారిపోతాది, పైకి ఏం కనపడదు. అప్పటికప్పుడు కారకపోవచ్చు కూడా, వారాలు గడిచినంక ఒక వేడి రోజున మొదలవుతాది. పాత సీలు తీసినప్పుడు పారేయొద్దు, నీ చేతికి ఇమ్మను. పెదవిని గోరుతో నొక్కు, నొక్కితే వంగి తిరిగి లేస్తే రబ్బరు బతికుండాది, ప్లాస్టిక్ మాదిరి టక్కుమంటే వయసైపోయింది. చుట్టూ వేలు తిప్పితే ఒకచోట చిన్న గాటు తగిలితే అది వయసు కాదు, చేతి పని.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల దగ్గర పనిచేసే ఒకాయన పాత ఎస్టీమ్ కారు ఇట్లే వచ్చింది. బూటు మార్పించుకున్నాడు, కొన్నాళ్లకి కారుడు, మల్లా ఆ షెడ్డుకే పోతే గేర్‌బాక్స్ దించాల అన్నారంట. సీలు తీసి ఎండలో పట్టుకుంటే పెదవి మీద వెంట్రుకంత గాటు, స్ప్రింగు ఒక పక్క బయటికి లేచి ఉండాది. ఆయన రాళ్లు పొదిగే మనిషి కదా, భూతద్దం జేబులోనే ఉండాది, దాంతో చూసి "ఇంత సన్నగాటుకి అన్ని వేలా" అని నవ్వినాడు.

సీలు మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్తా, నువ్వు పక్కన నిలబడి చూడు, మంచి మెకానిక్ ఏమనుకోడు. ముందు ఆయిల్ వదలాల, లేకుంటే షాఫ్ట్ తియ్యగానే ఆయిల్ అంతా మొహం మీదికే. పాత సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మిల్లీమీటర్లలో అచ్చుపోసి ఉంటాయి, కొత్తదాంతో సరిపోల్చు. ఎడమ పక్క సీలు, కుడి పక్క సీలు కొన్ని బండ్లలో వేరు వేరు, కొన్నింటి మీద తిరిగే దిక్కు బాణం గుర్తు కూడా ఉంటాది, తారుమారు చేస్తే ఆయిల్‌ని ఆపే బదులు బయటికి తోడుతాది. షాఫ్ట్ మీద సీలు ఆనే చోట గోరు పెట్టి గీకు, గోరు తట్టుకునేంత గాడి పడిందా, పడింటే కొత్త సీలు కూడా ఎక్కువ రోజులు ఆగదు. షాఫ్ట్ లోపలి కొస పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడమను, అతిగా ఆడతాంటే లోపల డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ తిరుగుడు పంచే గేర్ల గుంపు) బేరింగు అరిగినట్టు, అప్పుడు మాత్రం మాట వేరే, దించే పని వచ్చినా వస్తాది. కొత్త సీలుని సుత్తితో ఒక మూల కొట్టి దించకూడదు, సరిపోయే పైపు ముక్క ఆనించి అన్ని పక్కలా సమంగా దిగేటట్టు తట్టాల, పెదవికి గేర్ ఆయిల్ రాయాల. షాఫ్ట్ ఎక్కించినప్పుడు అది ఊడకుండా పట్టే ఇనుప రింగు, సర్క్లిప్, టక్కుమని కూర్చుంది వినపడాల, కొత్త సర్క్లిప్ వేస్తే ఇంకా మంచిది.

డ్రెయిన్ ప్లగ్ కథ చిన్నదే. ఈ మధ్య ఎవరైనా గేర్ ఆయిల్ మార్చింటే దాని వాషర్ మార్చకుండా పాతదే వేసి ఉంటారు, లేదా ఆగలేదని ఇంకా బిగించి బిగించి అల్యూమినియం మరలు తినేసి ఉంటారు. వాషర్ రూపాయల్లో పోయే వస్తువు, మరలు పోతే మాత్రం కొత్త మర కట్టించాల. ప్లగ్ తీసినప్పుడు కొన్నింట్లో దాని కొసకి అయస్కాంతం ఉంటాది, దాని మీద వెండి రంగు మెత్తటి పేస్టు ఉంటే భయపడొద్దు, అది మామూలు అరుగుడే. ఆయిల్‌లో బంగారు రంగు తళుకులు శానా కనపడితే గేర్లు మెత్తగా పడేటట్టు చేసే ఇత్తడి సింక్రో రింగులు అరుగుతాండాయి. పలుకులు, ముక్కలు వస్తే అప్పుడు గేర్‌బాక్స్ గురించి వేరే మాట్లాడుకోవాల.

గేర్ రాడ్డు సీలు, రివర్స్ స్విచ్, స్పీడో ఓ-రింగు ఇవన్నీ బయట నుంచే మార్చేవి, చిన్న ఖర్చు. కేసు అతుకు దగ్గర చెమర్చినట్టు తడి ఉండి చుక్క పడకుంటే పాత బండికి నేనైతే ముట్టుకోను, ఆర్నెల్లకొకసారి లెవెల్ చూసుకోమంటా.

రాయి దెబ్బ ఒకటుండాది. ఎర్రగుంట్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీలు, గనుల దారుల్లో తిరిగే బండ్లకి, ఊర్లలో ఇష్టమొచ్చినట్టు పోసిన స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట ఆనే బండ్లకి కేసు కింద పగులు వస్తాది. దెబ్బ తగిలిన చోట అల్యూమినియం తెల్లగా కొత్తగా మెరుస్తాంటాది, అది చూస్తే తెలిసిపోతాది. ఎం-సీల్ లాంటి గట్టిపడే ముద్దలు పూస్తారు, ఆయిల్ తడి మీద అది పట్టదు, పూర్తిగా ఆయిల్ తీసి శుభ్రం చేసి పూసినా ఇల్లు చేరేదానికే. పగులు సైజుని బట్టి ఆర్గాన్ వెల్డింగ్ చెయ్యొచ్చు, దానికి మాత్రం చాలాసార్లు దించాల్సి వస్తాది.

మీ మెకానిక్ చెప్పిందే నిజమయ్యే సందర్భం ఇది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే అతుకు కింద సన్న సందో చిన్న రంధ్రమో ఉంటాది. శుభ్రం చేసి చూసినాక చుక్క సరిగ్గా ఆ రంధ్రం నుంచే వస్తాంటే, పైన యాడా తడి లేకుంటే, లీకు లోపల ఉన్నట్టే. గేర్ ఆయిల్ వాసన వస్తే ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌లోకి పోయే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, ఇంజిన్ ఆయిల్ అయితే ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు. రెంటికీ దించాల్సిందే, తప్పదు. దాంతోపాటు క్లచ్ తేడా చేస్తాంటే, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరిచి బండి కదలకుంటే, లేదా మొదటి గేర్లో కదిలేటప్పుడు వణుకుతాంటే, ఆయిల్ క్లచ్ ప్లేటుకి తగిలినట్టు. అట్ల దించాల్సి వస్తే రెండు సీళ్లూ, క్లచ్ బేరింగూ ఒకేసారి మార్పించు, క్లచ్ ప్లేటు ఆయిల్‌లో తడిసింటే అది కూడా. మల్లా ఆర్నెల్లకి ఇంకోదానికి దించితే లేబర్ రెండుసార్లు కడతావు.

నడపొచ్చా అన్నదానికి. లెవెల్ సరిగ్గా ఉండి, రాత్రికి నాలుగు చుక్కలు పడేటట్టుంటే ఊర్లో మెకానిక్ దాకా పోవచ్చు, రెండ్రోజులకొకసారి లెవెల్ చూసుకుంటా కొన్నాళ్లు నడిపినోళ్లు ఉన్నారు. నీకు అరచెయ్యంత పడింది కాబట్టి టాప్ అప్ చేసి నేరుగా షెడ్డుకి, అంతే, మల్లా రాయచోటి వద్దు. ధారగా కారుతాంటే, లేక గుయ్ మని కొత్త శబ్దం వస్తాంటే, గేర్లు పట్టేసినట్టు పడతాంటే బండి ఆపేయాల. తాడు కట్టి లాక్కుపోదాం, న్యూట్రల్‌లో ఉంటే ఏం కాదులే అంటారు. ముందు చక్రాలతో నడిచే బండి అది, న్యూట్రల్‌లో ఉన్నా ముందు చక్రాలు తిరిగితే లోపల డిఫరెన్షియల్, అవుట్‌పుట్ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటాయి, అదీ ఆయిల్ లేకుండా. ముందు చక్రాలు పైకెత్తి లాగే బండినో, మొత్తం ఎక్కించుకునే బండినో పిలిపించు.

టాప్ అప్ చేసేటప్పుడు ఏదో ఒక గేర్ ఆయిల్ పోసేయొద్దు. బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో రాసిందే పొయ్యాల, ఇట్లాంటి బండ్లకి సాధారణంగా 75డబ్ల్యూ-90 (ఆయిల్ చిక్కదనం), జీఎల్-4 (ఆయిల్ రకం) అని ఉంటాది. జీఎల్-5 ఇంకా పెద్ద నంబరు కదా ఇంకా మంచిదేమో అని అంగట్లో అంటగడతారు, దాంట్లో గంధకం మందు ఎక్కువ, సింక్రో రింగుల ఇత్తడికి అది పడదు. ఇంగ పాతకాలం చిట్కా ఒకటి, కారకుండా ఉండాలని ఆయిల్‌లో గ్రీజు కలపడం. గ్రీజు వేస్తే లీకు తగ్గుతాది నిజమే, సన్న సందుల్లోకి పోయి బేరింగులకి అందాల్సిన ఆయిల్ కూడా తగ్గుతాది, చలికాలం పొద్దున గేరు పడదు. అమ్మేదానికి ముందు ఇట్ల చేసి అమ్ముతారు కొందరు, సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు లెవెల్ ప్లగ్ ఇప్పి చూడమని నేను చెప్పేది అందుకే. లీకు ఆపే మందు సీసాలు కూడా దొరుకుతాయి, గట్టిపడిన రబ్బరుని రవ్వంత ఉబ్బిస్తాయి అంతే, గాటు పడిన సీలుకి, వదులైన ప్లగ్గుకి అవి ఏం చెయ్యవు. నేను వాడను.

మెకానిక్‌తో గొడవ పెట్టుకోవద్దు, ఆయన వంగి చూసి కనపడిందాన్ని బట్టి చెప్పినాడు. "అన్నా, కడిగి చూద్దాం, కడిగినదానికి లెక్క ఇస్తా, యాడ నుంచి వస్తాందో టార్చి వేసి చూపించు, ఫోన్లో ఫోటో తీసుకుంటా" అని అడుగు. చూపిస్తే ఆయన చేతికే ఇవ్వు పని. చూపించకుండా "మాకు తెలీదా" అంటే ఇంకో షెడ్డు చూసుకో. బూటు మార్చిన చోటికే పోతావో లేదో నీ ఇష్టం, పోతే మాత్రం ఆ సీలు సంగతి ముందే అడుగు, వాళ్ల చేతి పని అని తేలితే లేబర్ అడక్కుండా చేసేవాళ్లూ ఉంటారు.

ఈ రాత్రికి అట్ట పరిచి, రేపు పొద్దున ఫోటో తీసి పెట్టు, టైరు గీతలు కనపడేటట్టు. బూటు ఏ పక్కది మార్చినారో, చుక్క ఆ పక్కనే పడిందో లేదో, వాసన ఎట్లుందో రాయి. రెండూ ఒకే పక్క అయితే సీలు కొనుక్కుని పో, పెద్ద పని కాదు.